సర్వరూ, మాస్టరూ, నడుమ కిటికీ

ఉడిపి హోటలులో కూర్చున్నవానికి కనిపించేది సర్వరు ఒక్కడే. మంచినీళ్ళ గ్లాసు పెట్టేదీ, ఏం కావాలని అడిగేదీ, బిల్లు తెచ్చేదీ అతడే. దోసె పోసే మాస్టరు లోపల ఉంటాడు. ఇద్దరి నడుమ గోడలో ఒక కిటికీ ఉంటుంది. "రెండు ఇడ్లీ, ఒక ఉప్మా పెసరట్టు" అని సర్వరు కేక వేస్తే, కాసేపటికి ఆ కిటికీలోనుండి పళ్ళెం బయటికి వస్తుంది. పెసరట్టు ఆలస్యమైతే మనం సర్వరు మీద కోప్పడతాం. సర్వరు మాస్టరును అంటాడు. మాస్టరేమో "నాకసలు ఆర్డరే రాలేదు" అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కిటికీని మాత్రం ఎవరూ అనుమానించరు.

కంప్యూటరు లోకంలోని సర్వరు కథ కూడా ఇంచుమించు ఇదే. మీ విహరిణి నుండి వచ్చిన వినతిని మొదట అందుకునేది వెబ్ సర్వరు. అపాచీ అటువంటిది. 1995లో పుట్టింది. బొమ్మలు, మారని పుటలు అయితే తానే అందిస్తుంది. లెక్క కట్టి, డేటాబేసును అడిగి, అప్పటికప్పుడు వండవలసిన పుట అయితే లోపలి అప్లికేషన్ సర్వరుకు పంపుతుంది. టామ్‌క్యాట్ అటువంటి వంటవాడు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ మొదలుపెట్టిన ఈ పనిని ఆ సంస్థ 1999లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనుకు ఇచ్చివేసింది. ఇద్దరినీ కలిపే కిటికీ పేరు మాడ్-జేకే. ఆ కిటికీలో మాట్లాడే భాష ఏజేపీ, దాని కూర్పు 1.3, అలవాటైన పోర్టు 8009.

ఈ ఏజేపీ భాష హోటలు సర్వరు కేక వంటిదే. మనం వినయంగా, పూర్తి వాక్యంలో అడిగినదానిని అతడు రెండు ముక్కలలో లోపలికి విసురుతాడు కదా. అట్లాగే, తరచుగా వచ్చే హెడరు పేర్లను పూర్తిగా వ్రాయకుండా రెండేసి బైట్ల అంకెలుగా కుదించి పంపడం ఏజేపీ పద్ధతి. ఇంకొక పొదుపు కూడా ఉంది. ప్రతి వినతికీ కొత్తగా కనెక్షను తెరవరు. ఒకసారి తెరిచినదానిని మూయకుండా ఉంచుకొని, ఒక వినతి పూర్తయ్యాక అదే దారిలో మరొకటి పంపుతారు. నేను చెప్పబోయే తంటా అంతా ఈ పొదుపులో నుండి పుట్టినదే.

2009 జనవరి నాటి మాట. అప్పుడు నేను సుచిత్రలో అద్దెకు ఉండేవాణ్ణి. మేడ్చల్ రోడ్డు మీద, కొంపల్లి దాటాక, ఒక మందుల పంపిణీదారు గోదాము ఉండేది. ఆ రోడ్డుకు అప్పట్లో జాతీయ రహదారి 7 అని పేరు. తరువాత 44 అయ్యింది. గోదాములో సరుకు లెక్కలు, లారీల గేటు పాసులు అన్నీ ఒక వెబ్ అప్లికేషనులో నడిచేవి. దానిని కనిపెట్టుకొని ఉండే పని మా చిన్న కంపెనీది. దగ్గరలో ఉన్నవాణ్ణి కనుక ఫోను నాకే వచ్చేది.

ఫిర్యాదు ఇది. తెల్లవారుజామున అయిదున్నరకు మొదటి లారీకి గేటు పాసు తీయబోతే తెర మీద గడియారం బొమ్మ తిరుగుతూ ఉంటుంది. పుట రాదు. పావుగంట గడిచాక ఎప్పటికో కదులుతుంది. ఆలోపు గేటు ముందు లారీలు వరుస కడతాయి. రెండవసారి మీట నొక్కితే ఒకే సరుకుకు రెండు పాసులు పుట్టే ప్రమాదం ఉంది కనుక, మళ్ళీ నొక్కరాదని గట్టి ఆజ్ఞ. ఆ ఆజ్ఞ మీరి నొక్కినవారికి ఒక్కొక్కసారి వెంటనే పుట వచ్చేది, ఒక్కొక్కసారి రాదు. అందువల్ల ఫలానావాని చెయ్యి మంచిదని ఒక నమ్మకం కూడా ఏర్పడింది. ఏడు గంటల తరువాత అంతా సవ్యంగా ఉండేది. మేము పదింటికి పోయి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు.

లోపం కనిపించనప్పుడు మనిషి కనిపిస్తాడు. రాత్రి డ్యూటీ ఆపరేటరు సిద్దిపేట వైపు కుర్రవాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయి. కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. రాత్రి నిద్రపోయి, మిషన్లు ఆపివేసి, లారీ హారను విన్నాక లేచి ఆన్ చేస్తున్నాడని మేనేజరు గారి నిశ్చితాభిప్రాయం. యంత్రం లేవడానికి పట్టే కాలమే ఆ పావుగంట అని ఆయన లెక్క. అప్పటికే రెండు మెమోలు ఇచ్చారు. మూడవదానితో ఉద్యోగం పోతుంది. లారీ డ్రైవర్లకు ఇది వేళాకోళమయింది. నేను వెళ్ళిన మొదటి ఉదయం ఒక డ్రైవరు కిటికీలోనుండి తల పెట్టి, "ఏం తమ్మీ, ఇయ్యాల గూడ నీ డబ్బా పండుకున్నదా?" అన్నాడు. కుర్రవాడు బదులు చెప్పలేదు. అతడు వెళ్ళాక నాతో మెల్లగా, "నేను పండుకోలె సార్. లేసే ఉన్న. రిజిస్టర్ల రాసిపెట్టిన, చూడుండ్రి" అన్నాడు.

ఆ రిజిస్టరు నాకు దొరికిన మొదటి ఆధారం. ఎవరూ అడగకుండానే, నలభై రోజులుగా, ఏ పూట ఏం జరిగిందో గడియారం చూసి వ్రాసుకున్నాడు. టామ్‌క్యాట్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టిన రోజులున్నాయి. ఫలితం శూన్యం. అపాచీని ఆపి మొదలుపెట్టిన రోజులున్నాయి. వెంటనే బాగయింది. ఆదివారం సెలవు తరువాతి సోమవారం అన్నిటికంటె అధ్వాన్నం. రాత్రంతా లోడింగు నడిచిన నాలుగు రోజులలో అసలు తంటాయే లేదు. ఇంతకంటె మంచి నివేదిక పెద్ద కంపెనీల నుండి కూడా నాకు రాలేదు.

ఇక్కడ కాస్త ఆగి, కిటికీ దగ్గర వచ్చే నిరాకరణలు ఎన్ని రకాలో చెప్పడం మంచిది. ఈ పని చేసేవారికి అక్కరకు వస్తుంది. లినక్సులో అపాచీ చిట్టా తెరిస్తే దోషానికి ఒక అంకె ఉంటుంది. 111 అంటే అవతలి యంత్రం ఉంది, కాని ఆ పోర్టులో వినేవాడు లేడు. వంటింట్లో మాస్టరు లేడన్నమాట. టామ్‌క్యాట్ లేచిందా, 8009లోనే వింటున్నదా అని చూడాలి. 13 అంటే అనుమతి లేదు. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్సులలో ఎస్‌ఈలినక్స్ అనే కావలివాడు అపాచీని బయటి కనెక్షన్లు తెరవనివ్వనప్పుడు ఇది కనిపిస్తుంది. టామ్‌క్యాట్‌ను ఎంత తిరగేసినా లాభం లేదు. 110 అంటే కాలం మించిపోయింది, జవాబే లేదు. మొదటి రెండూ కాదని చెప్పేవి. మూడవది ఏమీ చెప్పదు. గట్టిగా కాదన్నవాడితో పని సులువు. పలకనివాడితోనే కష్టం. మా చిట్టాలో ప్రతి ఉదయమూ ఉన్నది 110.

గోదాములో ఏర్పాటు ఇట్లా ఉంది. అపాచీ ఉన్న యంత్రం ఒక గదిలో, బయటి జాలానికి ముఖం చేసి ఉంది. టామ్‌క్యాట్, డేటాబేసు లోపలి జాలంలో ఉన్నాయి. నడుమ భద్రత కోసం ఒక ఫైర్‌వాల్. నెట్‌వర్కు చూసేవారిని అడిగితే, "లైను బాగానే ఉందండీ, టెల్నెట్ చేసి చూసుకోండి" అన్నారు. చేశాను. అపాచీ యంత్రం నుండి 8009కు టెల్నెట్ చేస్తే తక్షణం కలిసింది. వారి మాట అబద్ధం కాదు. అయితే టెల్నెట్ తెరిచేది కొత్త కనెక్షను. తంటా పాతవాటిలో ఉంది.

ఒక శనివారం రాత్రి అక్కడే కూర్చున్నాను. పదిన్నరకు లోడింగు ఆగింది. చలికి కుర్రవాడు మఫ్లరు చుట్టుకొని ఫ్లాస్కులో చాయ్ తెచ్చాడు. అయిదింటికి ఎవరూ మీట నొక్కకముందే రెండు యంత్రాలలోనూ నెట్‌స్టాట్ చూశాను. అపాచీ వైపు పదకొండు కనెక్షన్లు. టామ్‌క్యాట్ వైపు కూడా పదకొండు. అన్నిటి పక్కనా "ఎస్టాబ్లిష్డ్" అనే ఉంది. స్నేహం స్థిరంగా ఉన్నదని ఇద్దరూ విడివిడిగా సాక్ష్యం చెబుతున్నారు.

అప్పుడు ఒక్క పుట కోసం మీట నొక్కమన్నాను. గడియారం బొమ్మ తిరగడం మొదలయింది. అపాచీ వైపు నెట్‌స్టాట్‌లో సెండ్-క్యూ అనే గడి ఉంటుంది. పంపినా అవతలివాడు అందుకున్నానని ఇంకా చెప్పని బైట్ల లెక్క అది. అంతవరకూ సున్నా ఉన్న ఆ గడిలో, ఒక్క వరుసలో మాత్రం, కొన్ని వందలు నిలిచిపోయాయి. తగ్గడం లేదు. టామ్‌క్యాట్ యంత్రం మీద టీసీపీడంప్ పెట్టి చూస్తే ఒక్క పొట్లం కూడా రావడం లేదు. సర్వరు కేక వేశాడు. మాస్టరుకు వినపడలేదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. కేక నడుమనే మాయమవుతోంది.

ఫైర్‌వాల్ ఒక పట్టిక పెట్టుకుంటుంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అందులో వ్రాసుకుంటుంది. ఒక గంటపాటు మాట వినపడకపోతే ఆ వరుస కొట్టివేయాలని దానికి ఎవరో చెప్పి ఉన్నారు. పట్టిక నిండిపోకుండా ఉండడానికి అది సబబైన ఏర్పాటే. కాని కొట్టివేసిన సంగతి ఇరుపక్షాలకూ చెప్పదు. ఆ తరువాత వచ్చిన పొట్లాన్ని పరిచయం లేనిదానిగా భావించి నిశ్శబ్దంగా పారవేస్తుంది. కాదు పొమ్మని చెప్పినా అపాచీ వెంటనే కొత్త దారి తెరుచుకొనేది. ఏమీ చెప్పకపోవడంతో అది మళ్ళీ మళ్ళీ పంపుతుంది. లినక్సు కెర్నెలుకు ఉన్న సహజ నియమం ప్రకారం, ప్రతిసారీ విరామం పెంచుకుంటూ, పదిహేను ప్రయత్నాలయ్యాక గాని ఆశ వదలదు. ఆ ప్రయత్నాలన్నిటికీ పట్టే కాలం దాదాపు 924 సెకన్లు. పావుగంట అదీ. యంత్రం నిద్ర లేవడానికి పట్టే కాలం కాదు.

ఇక రిజిస్టరులోని ప్రతి వరుసకూ అర్థం దొరికింది. టామ్‌క్యాట్‌ను ఆపితే, "నేను మూసుకుంటున్నాను" అని అది పంపే వీడ్కోలు కూడా ఫైర్‌వాల్‌లో పడి పోతుంది. అపాచీకి తెలియదు. అపాచీని ఆపితే పాత దారులన్నీ పోయి కొత్తవి తెరుచుకుంటాయి. రాత్రంతా లోడింగు ఉన్ననాడు గంటసేపు మౌనమే ఉండదు. సోమవారం నాటికి ఒక్క దారి కూడా బ్రతికి ఉండదు. మళ్ళీ నొక్కితే ఒక్కొక్కసారి పుట రావడం ఎందుకంటే, చచ్చిన దారులన్నీ ఇరుక్కుపోయాక అపాచీ కొత్తది తెరుస్తుంది. చేతి మహిమ కాదు.

చికిత్స చిన్నది. మాడ్-జేకే అమరికల దస్త్రంలో, పది నిమిషాలు ఊరకున్న కనెక్షనును వదిలివేయమని 600 అని వ్రాశాను. టామ్‌క్యాట్ వైపు కూడా అదే కాలాన్ని 600000 అని వ్రాశాను. అంకె తేడాను చూసి కంగారు పడకండి. మొదటిచోట లెక్క సెకన్లలో, రెండవచోట మిల్లీసెకన్లలో. టామ్‌క్యాట్‌కు ఏమీ చెప్పకపోతే ఏజేపీ కనెక్షను విషయంలో అది ఎంతకాలమైనా ఎదురుచూస్తుంది. అది చాలదని, ప్రతి వినతికి ముందు ఒక చిన్న పలకరింపు పంపి, పది సెకన్లలో బదులు రాకపోతే ఆ దారిని మూసి మరొకటి తెరవమని ఇంకొక వరుస చేర్చాను. ఆ పలకరింపును సీపింగ్ అనీ, బదులును సీపాంగ్ అనీ అంటారు. కీపలైవ్ పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. లినక్సులో దాని సహజ విరామం 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. గంటకే మరచిపోయే ఫైర్‌వాల్ ముందు రెండు గంటలకొకసారి పలకరింపు ఎందుకూ కొరగాదు. ఆ విరామాన్ని తగ్గిస్తేనే ప్రయోజనం.

సోమవారం ఉదయం అయిదున్నరకు మొదటి పాసు రెండు సెకన్లలో వచ్చింది. నాకు అంతటితో పని తీరింది. కుర్రవానికి తీరలేదు. "సార్, మెమోలు ఫైల్లనే ఉన్నయి గద" అన్నాడు. నిజమే. లోపం పోయినంతమాత్రాన నింద పోదు. మేనేజరు గారికి సెండ్-క్యూ అంటే ఏం చెప్పను? ఆయన మర్యాదస్థుడే గాని, ఆంగ్లంలో పది పుటల నివేదిక ఇస్తే పక్కన పెట్టేవారు. అందుకని తెలుగులో ఒక్క పుట వ్రాశాను. ఈ టపా మొదట్లోని హోటలు, మాస్టరు, కిటికీ ఆ పుటలోనివే. ఫైర్‌వాల్‌ను మాత్రం, గంటసేపు ఎవరూ రాకపోతే కిటికీ లోపలివైపు పలక దించి చెప్పకుండా పోయే మనిషిగా వ్రాశాను. దానికి ఆ రిజిస్టరు నకలు జతచేసి, ఏ తేదీన ఏ వరుస దేనికి సాక్ష్యమో పక్కన గుర్తు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "అయితే వీడు అపాచీని ఆపినప్పుడు బాగయిందని అప్పుడే వ్రాశాడన్నమాట" అన్నారు. వ్రాశాడండీ అన్నాను. మెమోలను చింపలేదు. దస్త్రంలోనివి చింపడం కుదరదట. రెండింటి అడుగునా "విచారించడమైనది, ఆపరేటరు తప్పు లేదు" అని వ్రాసి సంతకం చేశారు. కుర్రవాడు ఆ సంతకాన్ని చూసుకొని, రిజిస్టరు తీసుకొని, మరుసటి వరుస వ్రాయడానికి పోయాడు. అవసరం లేకపోయినా వ్రాయడం మానలేదని తరువాత విన్నాను.

ఈ కిటికీ దగ్గర తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది. అదీ చెప్పి ముగిస్తాను. యూనికోడులో "తెలుగు" అనే మాటకు ఆరు సంకేతాలు, మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 18. దానిని చిరునామా పట్టీలో పెడితే ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిసి మూడు అక్షరాలవుతుంది, మొత్తం 54. ఆంగ్లంలో ఆరు అక్షరాలతో పోయే మాటకు మనం కట్టే సుంకం తొమ్మిదింతలు. ఏజేపీ పొట్లానికి సహజ పరిమితి 8192 బైట్లు. పొడవైన తెలుగు వెతుకులాటలూ, బరువైన కుకీలూ కలిస్తే ఆ హద్దు తగలడం అసాధ్యమేమీ కాదు. పెంచుకోవచ్చు, కాని ఇరువైపులా ఒకే అంకె పెట్టాలి.

ఇంకా చిత్రమైనది, వెతుకులాట నేరుగా టామ్‌క్యాట్‌ను 8080లో అడిగితే పనిచేసి, అపాచీ ద్వారా అడిగితే పిచ్చి గీతలుగా మారడం. టామ్‌క్యాట్ 7 వరకూ చిరునామాలోని బైట్లను లాటిన్ లిపిగానే చదివేది. యూటీఎఫ్-8గా చదవమని ప్రతి కనెక్టరుకూ విడివిడిగా చెప్పాలి. 8080కి చెప్పి 8009కి చెప్పకపోతే, ముందువాకిట తెలుగు వచ్చినవాడూ పెరటివాకిట రానివాడూ కూర్చున్నట్టు అవుతుంది. 2014లో వచ్చిన టామ్‌క్యాట్ 8 నుండి యూటీఎఫ్-8 సహజ అమరిక అయ్యింది. తొలినాళ్ళలో తెలుగు జాలస్థలులు నడిపినవారిలో ఈ వరుస కోసం రాత్రులు జాగారం చేసినవారు ఉండే ఉంటారు.

ఇప్పటి కాలానికి ఒక హెచ్చరిక. 2020 ఫిబ్రవరిలో గోస్ట్‌క్యాట్ అనే భద్రతాలోపం వెల్లడయింది. 8009 పోర్టు బయటివారికి అందుబాటులో ఉంటే, ఏజేపీ ద్వారా అప్లికేషనులోని దాపరికపు దస్త్రాలను సైతం చదవగలగడం దాని సారం. దానికి మందుగా 9.0.31, 8.5.51, 7.0.100 కూర్పులు వచ్చాయి. వాటిలో ఏజేపీ కనెక్టరును ముందుగా మూసి ఉంచారు. తెరిచినా సొంత యంత్రం మాటే వింటుంది. పైగా ఒక రహస్యపదం అడుగుతుంది. అది పెట్టకపోతే కనెక్టరు లేవనే లేవదు. పాత అమరికలతో కొత్త కూర్పు ఎక్కించి, అపాచీ 503 చూపిస్తున్నదని వెతుక్కునేవారు ముందుగా ఇక్కడ చూడండి. రహస్యపదాన్ని ఇరువైపులా ఒకటే పెట్టండి. 503ను చూసి ఆ కావలిని తీసివేయకండి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఏ వైపు నుండీ "బాగానే ఉంది" అన్న మాటతో తృప్తి పడవద్దు. ఇరువైపులా ఒకే క్షణంలో చూడండి. ఏది పంపారో, ఏది అందిందో విడివిడిగా లెక్క పెట్టండి. రాత్రి అక్కడ మేలుకొని ఉన్న మనిషిని, వాని ఉద్యోగం చిన్నదైనా సరే, ముందుగా అడగండి. మీలో ఎవరికైనా ఇటువంటి కిటికీ అనుభవం ఉంటే తప్పక వ్రాయండి. ముఖ్యంగా, నింద ఎవరి మీద పడిందో, అది చివరికి పోయిందో లేదో కూడా వ్రాయండి.